లైన్‌లో మూడో మనిషి

మార్చి పన్నెండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం వృద్ధుల హోమ్‌లో ఎండు బఠాణీల సూపు వండారు. గరిటె నిలబెడితే నిలబడేంత చిక్కన. అందులో పొగబెట్టిన సాసేజీ చక్రాలు, పక్కన నల్లటి రై రొట్టె. నమలలేనివాళ్ళ కోసం వంటమనిషి సాసేజీ పైతోలు ముందే ఒలిచి వేసింది. ఎవరూ చెప్పకుండానే చేసింది. ఎవర్ట్ అది గమనించాడు. ఈమధ్య అతనికి ఇలాంటివి కంటపడుతున్నాయి. అయితే ఆ తేదీ గుర్తుండిపోయింది మాత్రం సూపు వల్ల కాదు. ఆ రోజే మూడు దాటాక తన చేత్తో తాను కాగితం మీద రాసిన మూడు మాటల వల్ల.

ఎవర్ట్ ముప్పై రెండేళ్ళు బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య తీన పోయాక మంగళ, శుక్రవారాల్లో ఈ హోమ్‌కి వచ్చి వాలంటీరుగా పనిచేస్తున్నాడు. మతిమరుపు జబ్బున్న వాళ్ళ గదులకి ట్యాబ్ తీసుకెళ్ళి, ఎక్కడెక్కడో ఉన్న వాళ్ళ పిల్లలతోనో చెల్లెళ్ళతోనో వీడియో కాల్ కలపడం అతని పని. మనిషికి పావుగంట. పని చిన్నదే గాని అందులోనూ ఒక పద్ధతి ఉందని అతను నేర్చుకున్నాడు. ముందు ట్యాబ్‌ని మెత్తటి గుడ్డతో తుడవాలి, తర్వాత ముసలివాళ్ళ కళ్ళద్దాలు తుడవాలి. కిటికీ వెలుగు ముఖం మీద పడేలా కుర్చీ తిప్పాలి. అవతలి ముఖం తెరమీదికి వచ్చాక తను పక్కకి తప్పుకుని, గోడవారన కుర్చీలో చప్పుడు చేయకుండా కూర్చోవాలి. గది విడిచి వెళ్ళకూడదని రూలు. చివర్లో కాగితం మీద మొదలైన టైము, అయిపోయిన టైము, ఎలా అయిపోయిందీ రాయాలి.

పద్నాలుగో నంబరు గది హిల్లిగారిది. ఎనభై ఆరేళ్ళ మనిషి. భర్తతో కలిసి సరుకు పడవ మీద యాభై ఏళ్ళు బతికింది. రాటర్‌డామ్‌లో ఇసకో బొగ్గో ఎక్కించుకుని, రైన్ నది మీద ఎగువన బాజెల్ దాకా. ఇప్పుడు మోకుతాళ్ళు లేకపోయినా వేళ్ళు ఇంకా తాడు పట్టుకున్నట్టే వంగి ఉంటాయి. ఒక్కతే కూతురు, రెన్స్కె. నార్వేలో చేపల్ని పరీక్ష చేసే లాబ్‌లో ఉద్యోగం. ఏడాదికి రెండుసార్లు వస్తుంది, మిగతా రోజులకి ఈ ట్యాబే.

ఆ మంగళవారం రెన్స్కె ముఖం తెరమీదికి రాగానే హిల్లిగారు ముందుకి వంగింది. కూతురు మాట్లాడుతున్నంతసేపూ కళ్ళార్పకుండా విన్నది. ఇంకా మంచు కరగలేదని చెబితే తల ఊపింది. కుక్కకి కాలు బెణికిందని చెబితే అయ్యో అన్నట్టు నాలుక చప్పరించింది.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మా," అంది రెన్స్కె. "ఎలా ఉన్నావు?"

హిల్లిగారు పలకలేదు. ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు తెరకేసి చూస్తూ కూర్చుంది. రెన్స్కె నవ్వు మెల్లగా వాడిపోతోంది.

"అమ్మా? వినిపిస్తోందా?"

అప్పుడు హిల్లిగారు కుడిచెయ్యి ఎత్తింది. తెర కింది భాగంలో ఒకే ఒక బొత్తాం ఉంది, గుండ్రంగా, ఎర్రగా. తన బొటనవేలు దాని మీద పెట్టి గట్టిగా నొక్కింది. రెన్స్కె ముఖం మాయమైంది. తెర నల్లబడింది. వేలు మాత్రం అలాగే అదిమి పెట్టి, ఆ నల్లటి అద్దానికి దగ్గరగా వంగి పెదవులు కదుపుతోంది. తనలో తను గొణుక్కుంటోందనుకున్నాడు ఎవర్ట్. ఇక్కడ గొణుక్కోని వాళ్ళెవరు? అతను లేచి, ట్యాబ్ పైనుంచి ఆ వేలు తీయబోయాడు. రాలేదు. జబ్బుమనిషికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందా అనుకుంటూ, రెండు చేతులతో నెమ్మదిగా ఎత్తాల్సి వచ్చింది. ఆమె అతనికేసి చూసింది. అది కోపం కాదు. బస్సెక్కబోతుంటే కండక్టరు దింపేసిన మనిషి చూసే చూపు.

మళ్ళీ కాల్ కలిపాడు. మళ్ళీ అదే జరిగింది. కూతురు మాట్లాడినంతసేపూ వినడం, తన వంతు రాగానే ఎర్ర బొత్తాం. ఇలా జరగడం ఇది నాలుగో రోజు. అతను కాగితం తీసి మూడు గంటల పద్దెనిమిది నిమిషాలని టైము వేసి, ఎలా అయిపోయిందీ అన్నచోట ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: తన ఇష్టంతో ఆపేశారు.

గుమ్మం దగ్గర సోంగుల్ నిలబడి ఉంది. ఆ అంతస్తులో నర్సు పని చేసే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో ఉతికిన తువ్వాళ్ళ దొంతర, నోట్లో ఎప్పుడూ ఒక మాట.

"ఏం మాస్టారూ, పడవమ్మగారు మళ్ళీ తలుపేసేశారా మొహం మీద?"

"అవునమ్మా. ఎందుకో అర్థం కావట్లేదు. కూతుర్ని చూసినంతసేపూ ముఖం వెలిగిపోతుంది. మాట్లాడమనేసరికి కట్."

"మా అత్తగారూ అంతే. అంకారా నుంచి ఫోన్ చేస్తుంది, తను చెప్పాల్సింది చెప్పేస్తుంది, నేను నోరు తెరిచేలోగా పెట్టేస్తుంది. ఆవిడకి ఏ జబ్బూ లేదు," అంది సోంగుల్. తువ్వాళ్ళలోంచి ఒకటి తీసి, రాత్రి ముఖం తుడవడానికి వెచ్చగా ఉంటుందని, కిటికీ కింద వేడిగొట్టాల మీద ఆరేసి వెళ్ళింది.

శుక్రవారం మళ్ళీ కాల్. ఈసారి రెన్స్కె ముందే కళ్ళు తుడుచుకుని కూర్చున్నట్టుంది. "ఈ ఒక్కరోజు పెట్టేయకు అమ్మా. నీ మాట ఒక్కటి వింటే చాలు," అంది. హిల్లిగారు తల ఊపింది, అర్థమైనట్టే. ఎదురుచూసింది. వేలు ఎత్తింది. నొక్కింది.

నాలుగింటికి మార్యొలైన్ తన గదికి రమ్మంది. ఆ అంతస్తు వ్యవహారాలన్నీ చూసే మనిషి. మెతక మనిషే. కాఫీ పోసి, పక్కన ఒక్క బిస్కెట్టు పెట్టి, ఎవర్ట్ రాసిన ఐదు కాగితాలూ బల్ల మీద వరసగా పరిచింది.

"ఎవర్ట్ గారూ, మీ కాగితాలు చదవడం ఎంత హాయో. మిగతావాళ్ళవి గిలుకుళ్ళు. మీవి అచ్చేసినట్టుంటాయి. ఐదుసార్లూ ఆమే ఆపేశారు, కదా?"

"అవునండీ."

"ఎవరూ చెయ్యి పట్టుకుని నొక్కించలేదు."

"లేదు లేదు. తనే."

"అయితే విషయం తేలిపోయింది." ఆమె కళ్ళద్దాలు తీసింది. "జబ్బు వచ్చినంత మాత్రాన మనిషి ఇష్టాయిష్టాలు ఎక్కడికీ పోవు. మాట రాకపోతే చేత్తో చెబుతారు. ఆమె ఐదుసార్లు చేత్తో చెప్పారు, వద్దని. మనం వినాలి. కూతురి సంతోషం కోసం అమ్మని బలవంతపెట్టలేం కదా. ఏడుగురు ఈ కాల్స్ కోసం కాచుకుని ఉన్నారు. ఆమె టైము మంగళవారం నుంచి పదహారో గదాయనకి ఇద్దామనుకుంటున్నా. కూతురికి మెయిల్ పెట్టేస్తాను."

ఎవర్ట్ బల్ల మీది కాగితాలకేసి చూశాడు. ఆమె అన్నదాంట్లో ఒక్క మాటా తప్పు కాదు. తను రాసిందాంట్లోనూ కాదు. అయినా రెండూ కలిపితే ఏదో తప్పు తయారైంది. అదేమిటో అంతుచిక్కలేదు. బిస్కెట్టు కాఫీలో ముంచాడు. అది విరిగి అడుక్కి పోయింది.

"ఇంకొక్క వారం చూడకూడదా?" అన్నాడు చివరికి.

"చూసి? ఆరోసారి కూడా వద్దనిపించుకోవడానికా?" అంది మార్యొలైన్ జాలిగా.

శనివారం సాయంత్రం ఎవర్ట్ ఇంట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే ఫోన్ మోగింది. ఇద్దరికి సరిపడా తీసేశానని అప్పుడే చూసుకుని, కత్తి పక్కన పెట్టాడు. నార్వే నంబరు.

"సెలవురోజు విసిగిస్తున్నాను, ఏమీ అనుకోకండి," అంది రెన్స్కె. గొంతు రాసుకుపోయి ఉంది. "మెయిల్ వచ్చింది. మీ అమ్మగారి ఇష్టాన్ని గౌరవించి కాల్స్ ఆపుతున్నాం అని. ఎవర్ట్ గారూ, ఆ గదిలో ఉండేది మీరు. నాకు తెరమీద ముఖం తప్ప ఏమీ కనపడదు. దాచకుండా చెప్పండి. నన్ను చూస్తే ఆమెకి అంత అసహ్యమా?"

"అయ్యో, అలా అనకండి."

"మరేమిటి?"

"మిమ్మల్ని చూసినప్పుడు ఆపరు. మీ మాట వింటున్నప్పుడూ ఆపరు. తను మాట్లాడబోయే ముందు ఆపుతారు. అదే నాకు అంతుపట్టటం లేదు."

ఆమె చిన్నగా నవ్వింది. నవ్వులో తడి లేదు.

"చిన్నప్పుడూ అంతే లెండి. ఆరేళ్ళకే నన్ను పడవపిల్లల హాస్టల్లో వేశారు. పడవలో ఉంటే చదువు రాదు కదా, అందరి పిల్లల్నీ అలాగే వేసేవాళ్ళు. ఆదివారం ఆదివారం పడవ మీంచి కాల్. వరండాలో ఒక్కటే ఫోను, ముప్పైమంది పిల్లలం వరసలో. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లోనూ ఏం చెప్పేదో తెలుసా? వాన పడుతోంది. ఫలానా లాకు దగ్గర గేటు తెరిచేదాకా ఆగాం. ముందు ఇన్ని పడవలున్నాయి. సాక్సులు తడిపి తిరక్కు. అంతే, అయిపోయింది. పక్క పిల్లల అమ్మలు కూడా ముద్దులేమీ పెట్టలేదనుకోండి. కానీ నాకు అనిపించేది, ఏదో ఒకరోజు చెబుతుందని. ఏం చెబుతుందో తెలీదు. ఇంకా చెప్పలేదు. ఇప్పుడు నాకు యాభై ఎనిమిది."

ఆమె పెట్టేశాక ఎవర్ట్ బంగాళాదుంపలకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తన చక్కటి దస్తూరి మీద అతనికి జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది. ఇష్టం అన్న మాట ఎవరు రాయమన్నారు? బొత్తాం నొక్కారు అని రాస్తే సరిపోయేది. చూసింది రాయకుండా, అనుకుంది రాశాడు. పిల్లల పటాల్లో ఆ తప్పుకి మార్కులు కోసేవాడు.

ఆదివారం గడిచింది. సోమవారం అతని రోజు కాదు. అయినా సాయంత్రం ఆరున్నరకి హోమ్‌కి వెళ్ళాడు. ఎందుకొచ్చావని అడిగితే గొడుగు మర్చిపోయానని చెబుదామనుకున్నాడు. ఎవరూ అడగలేదు. సోంగుల్ పద్నాలుగో గదిలోంచి విసురుగా వస్తూ ఎదురైంది.

"సమయానికి వచ్చారు మాస్టారూ. భూగోళం తెలిసినవాళ్ళు కదా, ఆకాశం సంగతి కూడా చెప్పండి. పడవమ్మగారి మంచం రోజూ ఈ వేళకి ఆకాశానికెక్కి కూర్చుంటుంది. దించి దించి నా వేలరిగిపోయింది. మెకానిక్‌ని పిలిపించాం. మంచానికేం లేదు, ఎక్కినవాళ్ళకే ఉంది అని జోకేసి పోయాడు, బిల్లు కూడా వేశాడు. పడిపోతే నా ఉద్యోగం పోతుందని, రేపట్నించి మంచాన్ని లేపే ఆ రిమోట్ తీసేస్తున్నాం."

"నేనొకసారి చూడొచ్చా?"

"టికెట్ లేదు, చూడండి."

కిటికీలో ఇంకా కాస్త వెలుగుంది. హిల్లిగారు దిండ్లకి ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది. చేతిలో మంచం రిమోట్, మెలికల తీగతో. దాన్ని నోటికి దగ్గరగా, కాస్త పక్కకి వంచి పట్టుకుంది. బొటనవేలితో నొక్కింది. మంచం చిన్నగా మూలుగుతూ పైకి లేవడం మొదలెట్టింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది:

"రెన్స్కె. అమ్మని. నైమేగన్ దాటి లాకు దగ్గర ఉన్నాం. ముందు పదకొండు పడవలు. సాక్సులు తడిపి తిరక్కు. అన్నం తింటున్నావా? ఓవర్."

వేలు తీసింది. మంచం ఆగింది. రిమోట్‌ని చెవి దగ్గర పెట్టుకుని తల వంచి వింది. గదిలో చప్పుడు లేదు. గోడ గడియారం మాత్రం నడుస్తోంది. ఆమె ఓపిగ్గా వింది. అవతలివాళ్ళు తడబడుతున్నారేమో, వాళ్ళకీ టైమివ్వాలన్నట్టు, చాలాసేపు వింది. మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకుని నొక్కింది. మంచం మళ్ళీ లేచింది.

"రెన్స్కె, వినిపిస్తోందా? ఓవర్."

ఎవర్ట్ తలుపు చట్రం పట్టుకున్నాడు.

"చూశారా, రోజూ ఇదే భాగోతం," అంది సోంగుల్ అతని వెనక నుంచి. "ఏమైంది మాస్టారూ? అలా తెల్లబోయారేం?"

"నొక్కితేనే మాట అవతలికి పోతుంది," అన్నాడు ఎవర్ట్. "వదిలితేనే అవతలి మాట వినిపిస్తుంది. పడవల మీద రేడియో ఫోను అది. రెండూ ఒకేసారి కుదరవు. నొక్కకుండా ఎలా మాట్లాడుతుంది? ట్యాబ్ మీద ఉన్నది ఒక్కటే బొత్తాం, ఎర్రది. మాట్లాడటానికే నొక్కింది, సోంగుల్. ప్రతిసారీ మాట్లాడటానికే. నేను ఆ వేలు పట్టుకుని లాగేశాను."

సోంగుల్ ఈసారి ఏ జోకూ వెయ్యలేదు. లోపలికి వెళ్ళి మంచం దించింది. దించాక రిమోట్‌ని తీసెయ్యకుండా మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టింది.

ఆ రాత్రి ఎవర్ట్ నార్వేకి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగాడు: పడవలో మీ అమ్మ చేతిలో ఫోను ఎలా ఉండేది? రెన్స్కె చెప్పడం మొదలెట్టింది. నల్లది, మెలికల తీగ, పక్కన బొత్తాం... అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో అతనికి తెలియలేదు. ఆమెకీ తెలిసినట్టు లేదు.

"మేమూ చివర్లో ఓవర్ అనాలి," అంది కాసేపటికి. "అనకపోతే అవతల నొక్కకూడదు. ఒకరి మాట మీద ఒకరు పడతాం కదా. నేను ఒక్కసారీ అనలేదు, ఎవర్ట్ గారూ. నా మాట ఇంకా అయిపోలేదనుకుని కూర్చుంది, పిచ్చిది."

మర్నాడు పొద్దున్నే అతను మార్యొలైన్ గది ముందు నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. తను రాసిన ఐదు కాగితాల్లోనూ ఆ మాట కొట్టెయ్యమన్నాడు.

"కొట్టేయడం కుదరదండీ, ఫైల్లోకి వెళ్ళిపోయాయి. కింద ఇంకో మాట చేర్చొచ్చు." మార్యొలైన్ నుదురు రుద్దుకుంది. "మీరు చెప్పింది నిజమే కావచ్చు. కాకపోనూ వచ్చు. మంచం రిమోట్‌తో మాట్లాడే మనిషి గురించి నేను ఏమని నమ్మను? పదహారో గదాయన కొడుక్కి మూడింటి టైము ఇచ్చేశాను కూడా. వెనక్కి తీసుకోలేను."

"రాత్రి భోజనాలయ్యాక? ఏడింటికి? అప్పుడు ట్యాబ్ ఖాళీయే."

"ఒక్కసారి," అంది ఆమె. "మళ్ళీ ఆపేస్తే మాత్రం ఇక నన్ను అడగొద్దు. గది విడిచి వెళ్ళకండి, చివరిదాకా కూర్చోండి. ఏం జరిగిందో, ఈసారి జరిగింది మాత్రమే రాయండి."

చివరి మాట ఆమె నవ్వుతూనే అంది. అతను తల దించుకుని ఒప్పుకున్నాడు.

సోంగుల్ సామాన్ల గదిలోంచి పాడైపోయిన రిమోట్ ఒకటి వెతికి తెచ్చింది. తీగ చివర తెగిపోయి ఉంది. "దీంతో మంచం లేవదు. మనిషి లేస్తుందేమో చూద్దాం," అంది. ఎవర్ట్ అట్టముక్క కత్తిరించి, ట్యాబ్ కింది భాగం కప్పేలా టేపు వేశాడు. ఎర్ర బొత్తాం కనిపించకుండా పోయింది. గుడ్డతో తెర తుడిచాడు. హిల్లిగారి కళ్ళద్దాలు తుడిచాడు. రాత్రి భోజనం రొట్టె, జున్ను. ఆమె గౌను మీద పడిన రొట్టెపొడి దులిపాడు. ఏడింటికి కాల్ కలిపి, రిమోట్ ఆమె చేతికిచ్చి, గోడవారన తన కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మా, రెన్స్కెని. నా మాట వినిపిస్తోందా? ఓవర్."

హిల్లిగారు ఉలిక్కిపడినట్టు నిటారుగా కూర్చుంది. రిమోట్ నోటి దగ్గరికి వెళ్ళింది. వేలు నొక్కింది.

"బాగా వినిపిస్తోంది. ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావు? ఓవర్."

తెరమీద రెన్స్కె చేత్తో నోరు మూసుకుంది.

"ఇక్కడే ఉన్నానమ్మా. లైను సరిగ్గా లేదు. ఓవర్."

"కొండలున్న చోట అంతే. ఇక్కడ గాలి పడమర నుంచి. ఇసక దింపేశాం. మీ నాన్న రంగు వేస్తున్నాడు, మాట వినడు, వానొస్తుందంటే వినడు. ఓవర్."

"నన్ను గుర్తుపట్టావా అమ్మా?"

హిల్లిగారు పలకలేదు. ఎదురుచూస్తోంది. రెన్స్కె ముఖంలోకి ఆ పాత దిగులు వచ్చేస్తోంది. ఎవర్ట్ కుర్చీలోంచి సగం లేచి, తెరలో ఆమెకి కనపడేలా ముందుకి వంగి చేత్తో సైగ చేశాడు. ఆమెకి అర్థమైంది.

"ఓవర్," అంది గబగబా.

"గొంతు నీదే," అంది హిల్లిగారు. "ముఖం మాత్రం ఎవరో పెద్దావిడది పెట్టారు. ఎందుకు పెట్టారో తెలీదు. మంచావిడలాగే ఉంది. ఓవర్."

ఆ తర్వాత ఆమె ఎడమచేత్తో ట్యాబ్‌ని నెమ్మదిగా పక్కకి తిప్పేసింది, ఆ మంచావిడకి ఇబ్బంది కలగకుండా. ఇప్పుడు తెర దిండుకేసి ఉంది. గొంతు మాత్రమే వస్తోంది. ఎవర్ట్ లేచి సరిచెయ్యబోయి ఆగాడు. హిల్లిగారి ముఖం ఇందాకటి కంటే తేలికపడినట్టుంది.

"రెన్స్కె. నీకొకటి చెప్పాలి. ఎప్పట్నుంచో. ఓవర్."

"చెప్పమ్మా. ఓవర్."

హిల్లిగారు వేలు నొక్కింది. నోరు తెరిచింది. ఆగింది. తల కొద్దిగా పక్కకి వంచి, గదిలోని చప్పుడు వింది. వేలు వదిలింది. మళ్ళీ నొక్కింది.

"ఇప్పుడు కాదు. లైన్‌లో ఇంకొకరున్నారు. ఊపిరి వినిపిస్తోంది. ఓవర్."

"ఎవరూ లేరమ్మా. మనిద్దరమే. ఓవర్."

"ఉన్నారు. ఎప్పుడూ ఉంటారు. కలిపిన ఆపరేటరు ఉంటాడు. నది మీద ఎన్ని పడవలుంటే అన్ని పడవలూ వింటాయి. మర్నాడు లాకు దగ్గర ఆ మాటే చెప్పుకుని నవ్వుతారు. పిల్లతో అనాల్సిన మాట ఊరందరికీ ఎలా చెప్పను? ఓవర్."

దిండు వైపు నుంచి రెన్స్కె ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒకటి వచ్చింది.

ఎవర్ట్ తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు. బిగబట్టినంతసేపూ బిగబట్టి, ఇక ఆగలేక వదిలాడు. ముసలి ఊపిరి, చిన్న ఈల వేస్తూ బయటికొచ్చింది. హిల్లిగారు అతని వైపు తిరిగింది. ఆ చూపులో తిట్టు లేదు. పని మీద ఉన్న ఉద్యోగితో మాట్లాడే మర్యాద ఉంది.

"ఆపరేటరు గారూ," అంది, రిమోట్ కిందికి దించి. "కలిపినందుకు చాలా థాంక్సండీ. మీరు వెళ్ళాక మాట్లాడుకుంటాం."

గది విడిచి వెళ్ళకండి అంది మార్యొలైన్. ట్యాబ్ మంచం అంచుకి జరిగి ఉంది, పడినా పడొచ్చు. రిమోట్ పాతది, అట్టముక్క టేపు ఊడిపోవచ్చు. ఆమె చెప్పబోయేది ఏమిటో వినాలని అతనికీ ఉంది. ఇన్ని రోజులు ఆ నోటి కేసి చూసినవాడు, విన్నంత మాత్రాన ఎవరికి నష్టం? అలా అనుకున్న తర్వాతే అర్థమైంది, నది మీద పడవలన్నీ ఇలాగే అనుకుని ఉంటాయని.

అతను లేచాడు. ట్యాబ్‌ని మంచం అంచు నుంచి లోపలికి జరిపాడు, తెర దిండుకేసే ఉండనిచ్చి.

"సరేనమ్మా. నేను వెళ్తున్నాను," అన్నాడు. "ఇక లైన్‌లో మీరిద్దరే."

బూట్ల చప్పుడు వినిపించేలా నడిచాడు, ఆమెకి తెలియాలని. వరండాలో సోంగుల్ మాత్రల బండి తోసుకుంటూ వచ్చింది. రాత్రివేళ తనిఖీకి వీలుగా అన్ని గదుల తలుపులూ జానెడు తెరిచే ఉంచుతారు. ఆమె పద్నాలుగో గది కేసి చూసి, అతని ముఖం కేసి చూసింది.

"అయిపోయిందా మాస్టారూ?"

"లేదు. మొదలవుతోంది."

"మరి మీరు బయట ఉన్నారేం? కాగితం మీద ఏం రాస్తారు?"

"నాకు తెలీదని రాస్తాను."

ఆమె ఇటూ అటూ చూసి, మాత్రల బండిని చప్పుడు కాకుండా వెనక్కి లాగి, అవతలి గదుల వైపు తిప్పుకుంది.

లోపల హిల్లిగారి గొంతు మొదలైంది. ఇందాకటిలా పెద్దగా, విడదీసి కాదు. తగ్గించి, ఆగకుండా. మాట తెలియడంలేదు. ఎవర్ట్ పిడి పట్టుకుని, తాళం నాలుక టక్కుమనకుండా దాన్ని చివరిదాకా కిందికి వంచి, తలుపు మెల్లగా దగ్గరికి లాగి మూశాడు.